మంచానికి ఆమె వైపు స్విచ్చు

కొత్త ఇల్లు చూడటానికి వచ్చినవాళ్ళు ముందు నేల చూస్తారు, తర్వాత పైకప్పు, ఆ తర్వాత వంటిల్లు. స్విచ్చులు చూసి "బాగున్నాయి" అన్నవాళ్ళను నా ఉద్యోగ జీవితంలో వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. కానీ ఆ ఇంట్లో ఉండేవాళ్ళు రోజూ ముట్టుకునేది వాటినే. ఎంత ఖరీదైన గోడనైనా ఎవరూ పనిగట్టుకుని ముట్టుకోరు. ఫాల్స్ సీలింగు సంగతి చెప్పనే అక్కర్లేదు.

నేను ఇంటీరియర్ డిజైనర్‌ని. మొదట హైదరాబాదులో ఒక సారు దగ్గర పనిచేశాను, తర్వాత వికారాబాదుకు తిరిగొచ్చి సొంతంగా ఆఫీసు పెట్టుకున్నాను. ఈమధ్యే మానేశాను. నేను చేసిన ఇళ్ళలో ఎక్కువ భాగం వికారాబాదుకూ తాండూరుకూ మధ్యనే ఉన్నాయి. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. ఫోన్లో ఫోటోలు చూపించి, "మేడం, స్విచ్చులకు గాజు ప్లేట్లు మంచివా, ఇత్తడివా?" అని అడుగుతారు. చాయ్ ఇచ్చి కూర్చోబెట్టి వాళ్ళకు చెప్పే మాటలే ఇవి. ఆఫీసు ఎలా పెట్టాను, ఎన్ని ఇళ్ళు చేశాను అన్నవి ఎవరికీ పనికిరావు, వదిలేస్తున్నాను.

మా సారు

హైదరాబాదులో నాకు పని నేర్పిన సారుకు కోపం ఎక్కువ. ఆ ఆఫీసులో ఆడపిల్లను నేనొక్కదాన్నే. చేరిన కొత్తలో ఒక ఇంటికి స్విచ్చుల డ్రాయింగు వేశాను. అన్ని గదుల్లో ఒకే ఎత్తులో, తలుపు గొళ్ళెంతో సమానంగా, గీత గీసినట్టు వచ్చింది. చూసి ముచ్చటపడ్డాను. సారు దాన్ని మడిచి జేబులో పెట్టుకుని నన్ను ఆ ఇంటికే తీసుకెళ్ళారు. ఇంకా ఇటుక గోడలే ఉన్నాయి. తలుపులు మాత్రం బిగించారు.

"కళ్ళు మూసుకో రఫియా. కుడిచేతిలో కూరగాయల సంచి ఉందనుకో. తలుపు తోసుకుని లోపలికి వచ్చి లైటు వెయ్యి" అన్నారు.

మూసుకుని వెళ్ళాను. ఎడమచెయ్యి దానంతటదే గోడను తాకింది. సారు అక్కడ సుద్దముక్కతో గీత పెట్టారు. కళ్ళు తెరిచి చూస్తే నా డ్రాయింగులోని స్విచ్చు తలుపు రెక్క వెనకాల ఉంది. ఆ ఇంటావిడ చీకట్లో లోపలికి వచ్చి, తలుపు మూసి, దాని వెనక తడుముకోవాలన్నమాట. ఆ రోజు నుంచి నా సంచిలో సుద్దముక్క లేకుండా ఏ సైటుకూ వెళ్ళలేదు.

పని నేర్పడంలో ఆయనంత గొప్పవాడిని నేను చూడలేదు. యజమానిగా మాత్రం మంచివాడు కాదు. పనివాళ్ళను బయటివాళ్ళ ముందు తిట్టేవారు. మేం చేసినది తాను చేసినట్టు చెప్పుకునేవారు. ఇంకొకటి కూడా ఉంది. ఇల్లు ఎవరిదని అడిగితే ఆయన లెక్కలో ఎప్పుడూ మగవాడిదే. స్విచ్చు ఎక్కడుండాలో ఎలక్ట్రీషియన్‌ని అడిగేవారు, ఇంటాయనను అడిగేవారు. ఇంటావిడ పక్కనే ట్రే పట్టుకుని నిలబడి ఉన్నా ఆమెను అడిగేవారు కాదు. ఆయన నుంచి ఏం నేర్చుకోవాలో, ఏం వదిలేయాలో తేల్చుకోవడానికి నాకు కొన్నేళ్ళు పట్టింది.

అనంతగిరిలో లాడ్జి

స్విచ్చు అందంగా ఉంటే చాలదని తెలియడానికి అనంతగిరి గుట్ట మీద ఒక లాడ్జి చూస్తే చాలు. పేరెందుకు గానీ, వేరెవరో డిజైన్ చేశారు. తెరిచిన కొద్ది నెలలకే నన్ను పిలిచారు. గదుల్లో తలుపు పక్కన ఒక పెద్ద ఇత్తడి ప్లేటు, దాని మీద పైకీ కిందికీ కదిపే పాతకాలపు పుల్ల స్విచ్చులు, అన్నీ ఒకే తీరువి, ఒకే వరుసలో. ఫోటోలో చూస్తే కళ్ళు చెదిరేలా ఉంది. ఆ ఇత్తడి మీద మేనేజరు తెల్ల ప్లాస్టరు ముక్కలు అంటించి బాల్‌పెన్నుతో రాసి పెట్టాడు: ఫ్యాను, బాత్రూం, బయటి లైటు.

"ఏం చేయాలె మేడం, దినాం ఇదే లొల్లి" అన్నాడు. "పండుకున్నోళ్ళు లేసి ఫోన్ చేస్తుండ్రు, లైటు ఎట్ల బంద్ చేయాలె అని. ఒకాయనైతే అన్నీ ఒత్తి చూసి పరేషానై, లైటు ఉండంగనే ముఖం మీద దుప్పటి కప్పుకుని పండుకున్నడంట."

స్విచ్చుబోర్డు మీద చీటీ అంటించాల్సి వచ్చిందంటే డిజైన్ చేసినవాడు తప్పినట్టే. అక్కడ నేను చేసింది పెద్ద పనేం కాదు. ఆ ఒక్క ప్లేటును మూడుగా విడదీసి, తలుపు దగ్గరివి తలుపు దగ్గర, మంచం దగ్గరివి మంచం దగ్గర, బాత్రూంవి బాత్రూం బయట పెట్టించాను. ఇత్తడి అలాగే ఉంది. చీటీలు పోయాయి.

మాణిక్‌రెడ్డి బండ

అన్నిటికంటే ఎక్కువ గుర్తున్నది తాండూరులో మాణిక్‌రెడ్డి గారిల్లు. ఆయనది నాపరాతి బండల వ్యాపారం. వ్యవసాయ కుటుంబం, మొదట్లో ఒకరి పాలిషింగు యూనిటులో తానే కోత మిషను పట్టి పనిచేశాడు. తర్వాత సొంత గని, సొంత యూనిటు. ఇల్లు కడుతున్నప్పుడు నా దగ్గరికి వచ్చాడు. మాట కరుకు, మనిషి నిజాయితీపరుడు.

తాండూరులో పనిచేసేవాళ్ళు ముందు దుమ్మును లెక్కలోకి తీసుకోవాలి. బండ కోసే ఊరు. సన్నటి రాతిపొడి తలుపు సందులోంచి కూడా వస్తుంది. పుల్ల స్విచ్చుల సందుల్లో చేరితే అవి బిగుసుకుపోతాయి. మాణిక్‌రెడ్డి మాత్రం హాల్లో వేలు ఆనిస్తే వెలిగే గాజు ప్లేట్లు కావాలన్నాడు. హైదరాబాదులో ఎవరింట్లోనో చూశాడు.

"రెడ్డి గారూ, వాటి మీద దుమ్ము పడితే ముసురు పట్టినట్టుంటది. దినాం తుడవాలె" అన్నాను.

"దుమ్ము మా అన్నం మేడం. దాన్నేమనొద్దు" అని నవ్వాడు గానీ, తర్వాత ఆలోచించి, నేను చెప్పిన పెద్ద రెక్కల మామూలు స్విచ్చులకే ఒప్పుకున్నాడు. అలా చెబితే వినే మనిషే. పడకగది దగ్గరికి వచ్చేసరికి మాత్రం వినలేదు.

ఆ గదిలో మంచం తలవైపు గోడంతా ఒకే నీలం బండ రావాలన్నది ఆయన కోరిక. తాండూరు బండ పొరలు పొరలుగా వస్తుంది, అంత పెద్దది పగలకుండా రావడం అరుదు. తన గనిలో అలాంటిది ఒకటి దొరికితే అమ్మకుండా దాచుకున్నాడు. యూనిటుకు తీసుకెళ్ళి నాకు చూపించాడు. నీళ్ళు చల్లి చేత్తో రుద్దితే వాన మబ్బు రంగు తేలింది.

"చూసిండ్రా? ఒక్క గీత లేదు, ఒక్క మచ్చ లేదు. బయట నుంచి కొనేటోళ్ళు వస్తరు, వాళ్ళకు చూపిస్త. దీని మీద మాత్రం మిషను పెట్టొద్దు" అన్నాడు.

నాకూ అభ్యంతరం కనపడలేదు. స్విచ్చులన్నీ తలుపు పక్క గోడకు, అంటే మంచానికి ఆయన పడుకునే వైపు వచ్చాయి. రెండో వైపు నేల దాకా కిటికీ. ఆ వైపు గోడంటూ లేదు, బండ ఒక్కటే.

కళావతమ్మ అడిగినది

ఒకరోజు నేను ఇంట్లో కొలతలు చూసుకుంటుంటే ఆయన భార్య కళావతమ్మ అన్నం గిన్నెలు తీసుకుని వచ్చింది. నలభై దాటిన మనిషి. మాటలో కొంచెం కన్నడ యాస. భర్త మేస్త్రీతో బయట మాట్లాడుతున్నాడు. ఆమె పడకగది గుమ్మంలో నిలబడి నన్ను పిలిచింది.

"అక్కా, జర ఇట్ల రాండ్రి. నా దిక్కు స్విచ్చు లేదు గదా?"

"లేదమ్మా. అటు గోడ లేదు."

"ఆయన దిక్కు అన్నీ ఉన్నయి. లైటు, ఫ్యాను, ఏసీ, ఫోన్ పెట్టుకునే ప్లగ్గు. నేను లేస్తే ఏం ముట్టుకోవాలె?"

ఎన్నింటికి లేస్తారని అడిగాను. నాలుగింటికని చెప్పింది. అంత పొద్దున ఏం పని అంటే, కొంచెం సేపు చెప్పాలా వద్దా అన్నట్టు చూసింది.

"చదువుకుంట అక్కా. ఓపెన్ స్కూల్ల పది కట్టిన. మా తల్లిగారిల్లు బషీరాబాద్ అవతల, కర్ణాటకల. ఏడు దాకా కన్నడ బడిల చదివిన. క్లాసుల నేనే ఫస్టు. ఎనిమిదికి సేడం పోవాలె, మా నాయిన పంపలే. ఇప్పుడు తెలుగుల రాయాలంటే మొదటికెళ్ళి నేర్చుకున్న. రెండు భాషల అక్షరాలు అక్కచెల్లెండ్ల లెక్క ఉంటయి గదా, అక్కను పిలిస్తే చెల్లె పలుకుతది."

తానే నవ్వింది. నేనూ నవ్వాను.

"రెడ్డి గారికి తెలుసా?"

"తెలుసు. టైంపాస్ అంటడు. ఆయన గనికి పోయొచ్చి అలిసి పండుకుంటడు, పెద్ద లైటు వేస్తే నిద్ర చెడుతది. నా తలకాడ చిన్న లైటు, దానికి నా చేతికందేటట్టు ఒక స్విచ్చు. చప్పుడు కావొద్దు. గంతే."

అంతకుముందు ఎన్నో పడకగదులు చేశాను. ఇద్దరు పడుకునే గదిలో ఎవరు ముందు లేస్తారు, లేచి ఏం చేస్తారు అని ఇద్దర్నీ విడివిడిగా అడగాలని అక్కడే తెలిసింది. కలిపి అడిగితే ఒకరే జవాబు చెబుతారు.

డ్రాయింగులో చుక్క

మాణిక్‌రెడ్డికి చెప్పాను. ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"ఆ బండ కొయ్యను మేడం. టేబుల్ మీద లైటు పెడ్దం. వైరు కిందికెళ్ళి వస్తది."

అదీ ఒక దారే. బండ అడుగున చిన్న గాడి పెడితే వైరు బయటికి వస్తుంది. కళావతమ్మను అడిగాను. ఆమె ఒప్పుకోలేదు.

"టేబుల్ జరిపితే వైరు తెగుతది. ఇయ్యాల ఉంటది, రేపు ఆ టేబుల్ ఇంకో రూముల కావాలంటరు. ఆయనకు గోడల ఉన్నది గదా? నాకు గూడ గోడలనే ఉండాలె."

భార్యాభర్తల తగవులో డిజైనరు తలదూర్చకూడదని మీకు అందరూ చెబుతారు. నిజమే. కానీ చెవిన పడిన మాటను పడనట్టు నటించడం వేరు. కొత్త డ్రాయింగులో బండ మీద ఆమె వైపు స్విచ్చును గుర్తుపెట్టి ఇద్దరికీ పంపించాను. మరునాడు పొద్దున్నే ఆయన ఫోను.

"నేను వద్దన్న గదా మేడం?"

"వద్దన్నది మీరు. కావాలన్నది కళావతమ్మ. ఇద్దరుండే రూము, ఇద్దరి మాట డ్రాయింగుల ఉండాలె. ఏది తీసెయ్యాలో మీరిద్దరే చెప్పుండ్రి."

ఫోను పెట్టేశాడు. ఆ పని పోయిందనే అనుకున్నాను. పోతే పోతుందని అప్పుడు అనుకోలేదు, భయపడ్డాను. ఆయన మాటతో తాండూరులో నాకు ఇంకో రెండిళ్ళు వచ్చే అవకాశం ఉండేది.

ఆ వారంలోనే సైటుకు రమ్మని పిలిచాడు. వెళ్ళేసరికి భార్యాభర్తలిద్దరూ అక్కడే ఉన్నారు. ఆయన నన్ను చూసి, "మీరు నేర్పిండ్రా ఈమెకు?" అన్నాడు.

నాకు విషయం అర్థం కాలేదు. కళావతమ్మే చెప్పింది. గొంతు పెంచలేదు.

"ఆయనకేం తెలుస్తది గని, అక్క నేర్పలే. నేనే చెప్పిన. స్విచ్చు లేకపోతే ఆ రూముల నేను పండుకోను. నా మంచం ముందు రూముల వెయ్యుండ్రి. అక్కడ స్విచ్చు ఉన్నది."

"ఇంట్లకు పోయిన దినం చుట్టాలు చూస్తే ఏమనుకుంటరు?"

"చదువుకుంటున్నది అనుకుంటరు."

ఆయన కారెక్కి వెళ్ళిపోయాడు. ఆమె కొంచెంసేపు కిటికీ దగ్గర నిలబడి, చీర చెంగుతో ముఖం తుడుచుకుంది. నేను ఓదార్చడానికి పోలేదు. అలాంటప్పుడు పక్కన ఉంటే చాలు.

కోత

కొన్ని రోజుల తర్వాత మాణిక్‌రెడ్డి మళ్ళీ ఫోన్ చేశాడు. యూనిటుకు రమ్మన్నాడు, వస్తూ కళావతిని కూడా తీసుకురమ్మన్నాడు. వెళ్ళేసరికి ఆ నీలం బండను కర్ర దిమ్మెల మీద నిలబెట్టి గోడకు ఆనించి ఉంచాడు. దాని ముందు ఒక నులక మంచం. నన్ను పక్కకు పిలిచాడు.

"నిన్న నాలుగింటికి లేసిన మేడం. ఎప్పుడు లేవను, నిన్న మెలకువొచ్చింది. పాతింటి వంటింట్ల కింద కూసోని రాస్తున్నది. బల్బు ఈమె ఎనక ఉన్నది. ఈమె నీడ పుస్తకం మీదనే పడుతున్నది. నీడల రాస్తున్నది." ఆగాడు. "ఇన్ని దినాలు నీడలనే రాసింది గదా."

 బండ వైపు తిరిగి, "ఎక్కడ కొయ్యాలె చెప్పుండ్రి" అన్నాడు.

ఆమె మంచం మీద పడుకుని చెయ్యి చాపితే తప్ప చెప్పలేనన్నాను. కళావతమ్మ చుట్టూ పనిచేస్తున్నవాళ్ళను చూసి సిగ్గుపడింది. మాణిక్‌రెడ్డి గట్టిగా, "మీరందరు పోయి చాయ్ తాగి రాండ్రి" అన్నాడు. యూనిటు ఖాళీ అయింది. ఆమె పడుకుంది. కళ్ళు మూసుకోమన్నాను. నిద్రలోంచి లేచి లైటు వేస్తున్నట్టు చెయ్యి చాపమన్నాను. నేను డ్రాయింగులో గుర్తుపెట్టిన చోటికి ఒక జానెడు కిందుగా ఆమె చెయ్యి ఆగింది. సుద్దతో గీత పెట్టాను.

పనివాళ్ళు తిరిగొచ్చాక బండను పలకల మీద పడుకోబెట్టారు. మిషను మాత్రం మాణిక్‌రెడ్డి ఎవరికీ ఇవ్వలేదు. "నేనే కోస్త" అన్నాడు. ఎన్నేళ్ళయిందో మిషను పట్టి. అయినా చెయ్యి మరవలేదు. మూలల్లో ముందు గుండ్రటి తూట్లు వేస్తే పగుళ్ళు పాకవు. అలాగే వేశాడు. ఒకతను నీళ్ళు పోస్తుంటే బ్లేడుతో తూటు నుంచి తూటుకు కోసుకుంటూ వచ్చాడు. బూడిద రంగు నీళ్ళు ఆయన చెప్పుల మీదుగా పారుతున్నాయి. మూడు వైపులు సాఫుగా తెగాయి. నాలుగో వైపు చివరికి వచ్చేసరికి టప్పుమని చిన్న చప్పుడు.

మిషను ఆపాడు. కోత మూల నుంచి బండ అంచు దాకా వెంట్రుకంత పగులు. రాతిలో ముందే కంటికి కనపడని గీత ఉండి ఉంటుంది. అంత మంచి బండలోనూ.

 కళావతమ్మే ముందు నోరు తెరిచింది. "పోనీయుండ్రి. టేబుల్ లైటే పెట్టుకుంట."

ఆయన భుజం మీది తువ్వాలతో నీళ్ళు తుడిచాడు. వంగి పగులు మీద గోరుతో గీసి చూశాడు. ఇంకో బండ చూద్దామని నేనన్నాను.

"ఇంకోటి ఇట్లాంటిది గనిల నుంచి ఎప్పుడు ఎల్లుతదో, ఎల్లదో." భార్య వైపు తిరిగాడు. "నీ పరీక్షలు ఎప్పుడున్నయి?"

ఆయన ఆ మాట అడగడం నేను వినడం అదే మొదటిసారి. ఆమెకూ అదే మొదటిసారేమో, జవాబు చెప్పడానికి తడబడింది. ఎండాకాలంలో అని చెప్పింది.

"అయితే ఇదే పెడ్దం. ఎనక నుంచి పట్టీ వేసి అంటిస్తే నిలుస్తది. తిప్పుండ్రి" అన్నాడు పనివాళ్ళతో.

తర్వాత

ఆ కోతలో ఇత్తడి రంగు చిన్న ప్లేటు బిగించాం. ఒక మెత్తటి స్విచ్చు, ఒక ప్లగ్గు. దాని కోసం షాపులన్నీ తిరిగాను. చాలావాటిలో రంగు బాగుంది గానీ నొక్కితే టక్కుమంటున్నాయి. మీరు కూడా ప్లేటు కొనేముందు ఫోటో చూసి కొనకండి, పదిసార్లు నొక్కి చూడండి, కళ్ళు మూసుకుని కూడా నొక్కి చూడండి. పైన లైటు ఆమె ఎడమ భుజం మీదుగా పుస్తకం మీద పడేలా పెట్టాను. కుడిచేత్తో రాసేవాళ్ళకు నీడ పడకూడదంటే అదే దారి. ఇది ఏ కంపెనీ పుస్తకంలోనూ ఉండదు.

మొదటిసారి ఆమె లెక్కల్లో తప్పింది. నాకు ఫోన్ చేసి చెప్పి, "పోయింది అక్కా" అని ఊరుకుంది. ఓదార్పు మాటలు ఆమెకు నచ్చవని అప్పటికే తెలుసు గనక, మళ్ళీ ఎప్పుడు కడతారని మాత్రమే అడిగాను. మళ్ళీ కట్టింది, పాసైంది.

ఆ తర్వాత మాణిక్‌రెడ్డి పైన ఇంకో అంతస్తు వేస్తుంటే నేను వెళ్ళాల్సి వచ్చింది. అదే సమయానికి బెంగళూరు నుంచి బండలు కొనే ఆయన ఒకరు వచ్చి ఉన్నారు. కొనేవాళ్ళకు ఆ బండ చూపించే అలవాటు మాణిక్‌రెడ్డి మానలేదు. ముగ్గురం పడకగదిలోకి వెళ్ళాం. ఆ పెద్దమనిషి బండను చేత్తో నిమిరి మెచ్చుకున్నాడు. ఇత్తడి ప్లేటు దగ్గరికి వచ్చి ఆగి, కిందికి దిగిన పగులును చూపుడువేలితో చూపించాడు.

"ఇంత మంచి బండ. సొంత ఇంట్లో పగిలినదాన్ని పెట్టుకున్నారేమిటి?"

వంటింట్లో కళావతమ్మ గిన్నెలు సర్దుతున్న చప్పుడు వినిపిస్తోంది. మాణిక్‌రెడ్డి తడుముకోకుండా చెప్పాడు.

"నేనే కోసిన సార్, నా చేతిలనే పగిలింది. ఏం చేస్తం, మా ఇంట్ల పదో తరగతి నడుస్తున్నది, లైటు కావాలె గదా."

గిన్నెల చప్పుడు ఆగింది.

"పది అయిపొయ్యింది" అంది కళావతమ్మ వంటింట్లోంచే. "ఇప్పుడు నడుస్తున్నది ఇంటర్."